చూద్దాం గారి వాషింగ్ మెషిన్

చూద్దాం గారికి ఆ పేరు ఎవరు పెట్టారో ఆసుపత్రిలో ఎవరికీ గుర్తు లేదు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, అది జీతం చీటీ మీదే మిగిలిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పై అంతస్తులో పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆయన చూద్దాం గారే. ఎదురుగా పిలిచినా ఆయన కోప్పడేవారు కాదు. కోప్పడాలా వద్దా అని ఆయన ఆలోచించుకునేలోపు పిలిచినవాళ్ళు కాంటీన్‌కి వెళ్ళిపోయేవారు.

ఆయన చేసే పని చిన్నదేమీ కాదు. ఆ ఆసుపత్రిలో కాలు విరిగిన కుర్చీ, కీచుమనే ఫ్యాను, తలుపు పడని బీరువా, చక్రం ఊడిన స్ట్రెచరు, ఏది మూలపడ్డా ముందు ఆయన కంట పడాలి. దాన్ని బాగుచేయించాలా, పారేసి కొత్తది తెప్పించాలా అన్నది ఆయనే చెప్పాలి. అందుకోసం ఆయనకి మూడు రంగుల అట్టచీటీలు ఇచ్చారు, కట్టడానికి దారాలతో సహా. ఆకుపచ్చది కడితే ఆ వస్తువు మరమ్మతుకి పోతుంది. ఎర్రది కడితే పాతసామాను కొనేవాడి బండి ఎక్కుతుంది. పసుపుపచ్చ చీటీ మీద మాత్రం ‘పరిశీలనలో ఉంది’ అని అచ్చు వేసి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి అవసరపడుతుందేమోనని పాపం ఎవరో ముందుచూపుతో వేయించారు.

ఆకుపచ్చ కట్టా, ఎర్ర కట్టా ఆయన ఉద్యోగంలో చేరిన నాడు ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే, చుట్టిన రబ్బరు బ్యాండు కూడా తియ్యకుండా, ఆయన చేతిసంచీ అడుగున ఉన్నాయి. పసుపుపచ్చవి మాత్రం అయిపోయినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ అచ్చు వేయించాల్సి వస్తోంది.

అలాగని ఆయన బద్ధకస్తుడేం కాదు. బాగా ఆలోచించే మనిషి, అదే వచ్చిన చిక్కు. బాగుచేయించమని చెప్పాం అనుకోండి, అది మళ్ళీ పాడైతే ‘పనికిరానిదాని మీద డబ్బు తగలేశాడు’ అంటారు. పారేయమన్నాం అనుకోండి, ‘నిక్షేపంలాంటి దాన్ని పారేయించాడు’ అంటారు. పరిశీలనలో ఉంచినవాణ్ణి మాత్రం ఎవడూ వేలెత్తి చూపలేడు. ఈ సంగతి ఒంటబట్టాక చూద్దాం గారు ఉద్యోగంలో ఒక్క తప్పు నిర్ణయం కూడా తీసుకోలేదు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆయన్ని మెచ్చుకుని వెళ్ళేవారు. పైవాళ్ళు ఆయన్ని చూసి నేర్చుకోమని కుర్రవాళ్ళకి చెప్పేవారు. ఆసుపత్రి గోడౌను మాత్రం పసుపుపచ్చ చీటీలు కట్టించుకుని కదలకుండా కూర్చున్న సామానుతో పైకప్పు దాకా నిండిపోయింది.

ఒకసారి ఎముకల వార్డు హెడ్ సిస్టర్ ఆయన్ని నడవాలో పట్టుకుంది. ఆవిడ మాట కాస్త కటువు.

“సార్, మా స్ట్రెచరుకి ఒక చక్రం తిరగట్లేదు. కాలు విరిగి వచ్చినవాణ్ణి తోస్తుంటే తలుపులోకి వెళ్ళడం మానేసి గోడలోకి వెళ్తోంది. ఏం చేశారు దాన్ని?”

“అది పరిశీలనలో ఉందమ్మా.”

“ఎవరు పరిశీలిస్తున్నారు సార్?”

చూద్దాం గారు ఆ ప్రశ్నకి నొచ్చుకున్నారు. ఒక వస్తువు పరిశీలనలో ఉందంటే దాన్ని ఎవరో పరిశీలిస్తూ ఉండాలన్న ఆలోచన ఆయనకి అంతవరకూ ఎప్పుడూ రాలేదు. చీటీ కట్టాక పరిశీలన దానంతట అదే జరుగుతూ ఉంటుందని ఆయన నమ్మకం.

ఇలాంటి మనిషి ఇంట్లో వాషింగ్ మెషిన్ కారడం మొదలుపెట్టింది.

ఆ మెషిన్ వంటింటికీ బాత్రూముకీ మధ్య ఇరుకు నడవాలో ఉంటుంది. ముందు దాని కింద అరచేతి మేర తడి కనిపించింది. చూద్దాం గారు వంగి, తేరిపార చూసి, అది అత్తగారు మంచినీళ్ళ గ్లాసు ఒలకబోసిన తడి అని తేల్చారు. అత్తగారంటే ఆయన భార్య తల్లి, వాళ్ళతోనే ఉంటుంది. మోకాళ్ళు అరిగిపోయి చేతికర్ర పట్టుకుని నడుస్తుంది గానీ చూపూ నోరూ రెండూ వాడిగానే ఉన్నాయి. “నేను తాగే నీళ్ళకి సబ్బు వాసన ఎందుకొస్తుంది అల్లుడుగారూ?” అని ఊరుకుంది. తర్వాతి వారం తడి పళ్ళెమంత అయింది, ఆ పై వారం చాపంత అయింది. నెల తిరిగేసరికి మెషిన్ నీళ్ళు వదిలే వేళకి వరండా చెప్పుల స్టాండు దాకా వరద. అప్పటినుంచీ మెషిన్ మొదలవగానే అత్తగారు కుర్చీలో వెనక్కి జరిగి, రెండు కాళ్ళూ ఎత్తి స్టూలు మీద పెట్టుకోవడం అలవాటు చేసుకుంది.

“ఏమండీ, మెషిన్ కారుతోంది. బాగుచేయిస్తారా, కొత్తది కొంటారా?” అని అడిగింది భార్య.

“చూద్దాం,” అన్నారు చూద్దాం గారు.

ఆయన భార్యది పూర్తిగా వేరే దారి. ఆవిడ ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, వచ్చినవాళ్ళని వరసలో కూర్చోబెట్టడం, ఏడ్చేవాళ్ళని ఓదార్చడం, పారిపోయేవాళ్ళని పట్టుకురావడం ఆవిడ పని. అక్కడ పన్ను పీకాలా, నింపాలా అన్నది కుర్చీలో మనిషి తెరిచిన నోరు మూసేలోపు తేలిపోతుంది. ‘చూద్దాం’ అనే మాట అక్కడా వినబడుతుంది. కాకపోతే ఆ మాట అన్న డాక్టరు వెంటనే నోట్లో అద్దం పెట్టి నిజంగానే చూస్తాడు. అన్నేళ్ళు అక్కడ పనిచేసి, సాయంత్రానికి చూద్దాం గారి ఇంటికి చేరడం ఆవిడ ఓపికకే చెల్లింది. అసలు పెళ్ళికి కూడా ఆయన ‘చూద్దాం’ అనే అన్నారట. మిగతావాళ్ళు అది సిగ్గు అనుకుని తేదీ పెట్టేశారు.

ఆ మెషిన్ కారడం ఆవిడకి వట్టి తడి గొడవ అయితే ఈ కథే లేదు. ఆవిడ ఆ వేసవిలో ఈత నేర్చుకోవడం మొదలుపెట్టింది.

జుట్టు నెరిశాక ఈతేమిటని బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు. చూద్దాం గారిని అడిగితే ఎప్పటిలాగే చూద్దాం అన్నారు, ఆవిడ అది సరే అన్నట్టు లెక్కేసుకుని వెళ్ళి చేరిపోయింది. ఊరి ఈత కొలనులో ఆడవాళ్ళకి కేటాయించిన గంట ఆదివారం పొద్దున ఒక్కటే. కొలను మధ్యలో ఒక తాడు కట్టి ఉంటుంది. తాడుకి ఇవతల కాళ్ళకి నేల అందుతుంది, అవతల అందదు. ఇవతలి వైపు ఒడ్డు నుంచి ఒడ్డుకి నేల తాకకుండా ఈదినవాళ్ళనే కోచ్ అమ్మాయి తాడు దాటనిస్తుంది. వారమంతా ఫోన్లూ, పళ్ళ నొప్పులూ, మూలుగులూ విని విని ఉన్న ఆవిడకి చెవులు నీళ్ళలో మునగగానే లోకం సద్దుమణిగేది. అక్కడ ఆవిడని ఎవరూ ఏమీ అడగరు. తనకి ఇంత సంతోషం మిగిలుందని ఆవిడే అనుకోలేదు. బస్సులో తిరిగొస్తూ తడి జుట్టుతో ఒక్కతే నవ్వుకునేది.

ఏర్పాటు మొదట్లో చక్కగానే ఉండేది. ఆదివారం పొద్దున్నే మెషిన్‌లో బట్టలు వేసి, మీట నొక్కి, ఈతకి వెళ్ళిపోయేది. తను వచ్చేసరికి బట్టలు పిండుకుని సిద్ధంగా ఉండేవి, ఆరేసుకునేది. మిగతా రోజుల్లో వీలు కాదు. ఆవిడ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది, చీకటి పడ్డాక మెషిన్ వేస్తే కింది వాటావాళ్ళు ఒప్పుకోరు. అది గిరగిరా తిరుగుతుంటే వాళ్ళ పళ్ళేలు గలగలమంటాయట.

ఇప్పుడు మెషిన్ దగ్గర ఒక మనిషి కాపలా ఉండాలి. కింద టబ్బు పెట్టాలి, నిండితే పారబోయాలి, చుట్టూ పాత తువ్వాళ్ళు పరవాలి, అవి తడిస్తే పిండి మళ్ళీ పరవాలి. వదిలేస్తే నీళ్ళు తిన్నగా అత్తగారి గదిలోకి పోతాయి. అరిగిన మోకాళ్ళతో ఆవిడ ఆ తడిలో కాలు వేసిందంటే ఇంకేమన్నా ఉందా! కాబట్టి భార్య ఈత మానుకుని మెషిన్ ముందు కూర్చుంది. ఒక ఆదివారం, ఇంకో ఆదివారం, అలా వరసగా.

చూద్దాం గారు ఉన్నారు కదా అని మీరు అనొచ్చు. ఉన్నారు. ఆదివారం పొద్దున ఆయన ఇంట్లోనే, పేపరు వెనకాల ఉంటారు. కానీ ఈ వ్యవహారంలో ఆయన నిర్ణయం చెప్పాల్సిన మనిషి. నిర్ణయం చెప్పాల్సినవాడే చతికిలబడి నేల తుడుస్తుంటే రేపు పక్షపాతం లేకుండా ఎలా చెప్పగలడు? ఈ ముక్క ఆయన పైకి అనలేదు గానీ, పేపరు కిందకి దించకపోవడంలోనే అది తెలిసిపోయేది.

ఒకసారి ఆవిడ విసిగిపోయింది. “మీరు మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చోండి, నేనే వెళ్ళి కొత్తది తెచ్చేస్తా,” అంది.

ఆ మాటకి చూద్దాం గారి ముఖం చూడాలి. పెళ్ళాం తిట్టినా, ఆఫీసులో నవ్వినా చలించని మనిషి, ఒక్కసారిగా నీరుగారిపోయారు. “జీవితమంతా నేను చేసేదే ఈ పని. నా ఇంట్లో వస్తువు గురించి నన్నడక్కుండా తేల్చేస్తే నేనెందుకు ఇంక? ఒక్క వారం ఆగు, విచారిస్తాను,” అన్నారు. ఆవిడకి జాలేసింది. ఆ జాలి ఖరీదు ఇంకొన్ని ఆదివారాలు.

విచారించడం మాత్రం ఆయన నిజంగానే విచారించారు. దానికి ఆయనకి ఒక పద్ధతి ఉంది. ఎవరి మాటలో వాళ్ళ లాభం ఎంతుందో ముందే లెక్కేసుకుని దాన్ని తీసేస్తే మిగిలేది నిజం. మెకానిక్ ఎలాగూ బాగుచేయించుకోమంటాడు, అతని పొట్ట అక్కడుంది. షోరూం అతను కొత్తది కొనమంటాడు, అతని కమీషను అక్కడుంది. ఇద్దరి మాటా వినాలి, ఇద్దరినీ నమ్మకూడదు. ఎవడు ఎక్కువ ఆత్రపడితే వాడి మాట కొట్టేసి రెండోది ఖాయం చేయాలి.

మెకానిక్ వచ్చాడు. మెషిన్‌ని గోడ నుంచి ఇవతలికి లాగి, వెనక రేకు విప్పి, టార్చి వేసి చూసి, మళ్ళీ బిగించేశాడు.

“లోపల సీలు పోయింది సార్. బేరింగు కూడా అరిగింది. వద్దు సార్, కొత్తది కొనేసుకోండి.”

చూద్దాం గారు తెల్లబోయారు. “బాగుచెయ్యడానికి రాదంటావా?”

“ఎందుకు రాదు? వస్తుంది. డ్రమ్ము మొత్తం ఊడదియ్యాలి. నాకు నడుం పట్టేసి పది రోజులైంది, వంగితే లేవలేకపోతున్నా. నాకు చేతినిండా ఫ్రిజ్జులున్నాయి సార్, అవి నిలబడి చేసుకోవచ్చు.”

పద్ధతి ప్రకారం మెకానిక్ ఆత్రపడాలి. అతను ఆత్రపడకపోగా వచ్చిన పని వదిలించుకుని లిఫ్టు కోసం నిలబడ్డాడు. సరే, ఇంకొకడున్నాడు కదా అని చూద్దాం గారు షోరూంకి వెళ్ళారు. మెడలో టై కట్టుకున్న సేల్స్‌మన్ ఎదురొచ్చాడు. ఈయన మెషిన్ పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాక, అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“మీది పాతకాలం మోడల్ కదండీ, గట్టిది. సీలు వేయించుకుని వాడుకోండి. ఇప్పటివన్నీ డాబేనండీ, లోపల పస లేదు. మా ఇంట్లో నేను పాతదే రిపేరు చేయించి వాడుకుంటున్నా.”

“మరి నువ్వు అమ్మాలి కదయ్యా!”

“ఈ శనివారంతో ఈ ఉద్యోగం మానేస్తున్నానండీ. ఇక్కడున్నన్నాళ్ళూ ఒక్కరికైనా నిజం చెప్పకుండా వెళ్ళడం బాగోదనిపించింది.”

చూద్దాం గారికి తల తిరిగింది. అబద్ధం చెప్పి ఉంటే ఆయన ఏనాడో తేల్చేసేవారు. ఇద్దరూ కలిసి నిజం చెప్పి ఆయన కొంప ముంచారు. ఇంటికొచ్చి ఈ సంగతి ఎంతో బాధగా చెబితే, తువ్వాలు పిండుతున్న భార్య తలెత్తకుండా అడిగింది.

“అయితే ఏం చేద్దామంటారు?”

“పరిస్థితి నువ్వనుకున్నంత తేలిక కాదు. చూద్దాం.”

ఆవిడ పిండిన తువ్వాలు మళ్ళీ పిండింది. అందులో ఇక నీళ్ళు లేకపోయినా చాలాసేపు పిండింది.

ఆ శుక్రవారం కోచ్ అమ్మాయి ఫోన్ చేసింది. చూద్దాం గారు పక్కనే ఉన్నారు, అత్తగారూ ఉంది, ఇద్దరికీ వినబడింది.

“మేడమ్, మీరు రావడమే మానేశారు! నేర్చుకునేవాళ్ళ బ్యాచ్ ఈ ఆదివారంతో ఆఖరు. ఈసారి ఇవతలి వైపు ఈదేస్తే ఇక ఏడాదంతా లోతు వైపుకి రావచ్చు. లేదంటే మళ్ళీ వేసవి దాకా ఆగి, పిల్లలతో పాటు కొత్తగా మొదలెట్టాలి. మీకు ఆగాల్సిన ఖర్మేంటి మేడమ్? ఇంకొంచెంలో ఉన్నారు.”

“వస్తానమ్మా,” అంది ఆవిడ. ఫోన్ పెట్టేసి మొగుడి వైపు చూసింది. “విన్నారుగా. రేపు శనివారం సాయంత్రానికి ఏదో ఒకటి చెప్పండి. బాగుచేయిస్తే బాగుచేయించండి, కొంటే కొనండి. నాకు ఏదైనా ఒకటే. ఈ ఆదివారం మాత్రం నేను ఈతకి వెళ్ళాలి. నాకు అది కావాలి. ఇంతవరకూ మిమ్మల్ని కావాలని ఏమీ అడగలేదు, ఇది అడుగుతున్నాను.”

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూద్దాం గారికి కూడా లోపల ఎక్కడో చివుక్కుమంది. ఆయన చెడ్డవాడు కాదు. శనివారమంతా నిజంగానే తల బద్దలు కొట్టుకున్నారు. మెకానిక్ మాట ఒకవైపు, సేల్స్‌మన్ మాట ఒకవైపు, ఏది తేల్చినా ఎవరేమంటారోనన్న భయం ఇంకోవైపు. అనేవాళ్ళు ఎవరని అడిగితే ఆయన కూడా చెప్పలేరు. ఇంట్లో ఉన్నది భార్యా, అత్తగారూ, వాళ్ళు అనాల్సినవన్నీ ఎప్పుడో అనేశారు. అయినా సాయంత్రం భార్య ఎదురుగా వచ్చి నిలబడితే ఆయన నీళ్ళు నమిలారు.

“ఇంకొక్క వారం...”

ఆవిడ లోపలికి వెళ్ళి ఈత సంచీ సర్దుకుంది. అది చూసి అత్తగారు చేతికర్ర నేల మీద ఒకసారి టక్కుమనిపించి, “రేపు నా కుర్చీ కాస్త ముందుకి వెయ్యి తల్లీ. బాగా కనబడాలి,” అంది.

ఆదివారం పొద్దున ఆవిడ ఎప్పటిలాగే లేచింది. మెషిన్‌లో బట్టలు వేసింది, సబ్బు పొడి పోసింది, తలుపు మూసి మీట నొక్కింది. టబ్బు జరిపి కింద పెట్టింది. తర్వాత గదిలోకి వెళ్ళి సంచీ భుజానికి తగిలించుకుని వచ్చి, చూద్దాం గారి చేతిలో పేపరు తీసేసి, ఆ చేతిలో ఒక పాత తువ్వాలు పెట్టింది.

“ఇదేంటి?”

“తువ్వాలు.”

“దీంతో నేనేం చెయ్యాలి?”

“నీళ్ళొస్తే తుడవాలి. తడిస్తే పిండాలి. టబ్బు నిండితే పారబోయాలి. అది కూత పెడితే అయిపోయినట్టు.”

“మరి నిర్ణయం?”

“మెషిన్ ఎదురుగానే ఉంది. మీరూ ఖాళీగానే ఉన్నారు. తీరుబడిగా ఆలోచించుకోండి,” అని ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మెట్లు దిగుతున్న చప్పుడు కూడా ఆగకుండా వినబడింది.

నడవాలో మెషిన్, దాని ముందు చూద్దాం గారు, కాస్త దూరంలో కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని అత్తగారు మిగిలారు. కాసేపు ఏమీ కాలేదు. ఇదేమంత పని అని చూద్దాం గారు అనుకుంటుండగా మెషిన్ కడుపులో గుడగుడమంది, కింద నుంచి సన్నగా నీళ్ళు రావడం మొదలుపెట్టాయి. ఆయన అలవాటు కొద్దీ వంగి చూశారు. నీళ్ళు టబ్బు పక్కగా దారి చేసుకున్నాయి. ఆయన ఇంకా వంగి చూశారు.

“అల్లుడుగారూ, చూస్తే ఇంకవు,” అంది అత్తగారు. “తుడవాలి.”

ఆయన తుడిచారు. కుడివైపు తుడుస్తుంటే ఎడమవైపు వచ్చాయి. ఎడమవైపు తువ్వాలు అడ్డం పెడితే ఆయన మోకాళ్ళ కిందికి వచ్చాయి. ప్యాంటు మడుచుకోవడానికి లేచేసరికి టబ్బు నిండింది. దాన్ని ఎత్తబోతే సగం బాత్రూములోకి, సగం ఆయన మీదికి పోయింది. చేతికందిన పేపరు పరిచారు. ఆ రోజు ఆయన ఇంకా చదవనిది, అది ఒక్క నిమిషంలో మెత్తబడి నేలకి అతుక్కుపోయింది.

“మీ గది వైపు వెళ్తున్నాయా?” అని కంగారుగా అడిగారు.

“వెళ్ళట్లేదు, వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టున్నాయి,” అంది అత్తగారు. “ఎడమ పక్క. ఎడమ పక్క చూడండి. అదిగో, చెప్పుల కిందికి పోతోంది.”

తర్వాత మెషిన్ గిరగిరా తిరగడం మొదలెట్టింది. తిరుగుతూ తిరుగుతూ చోటు కదిలి ముందుకి రావడం మొదలెట్టింది. చూద్దాం గారు తడి నేల మీద చతికిలబడి, వీపు దానికి ఆనించి, కాళ్ళు ఎదుటి గోడకి తన్ని పట్టి ఆపారు. పళ్ళు టకటకలాడాయి. కింది వాటాలో పళ్ళేలు గలగలమనడం ఆయనకి మొదటిసారి వినబడింది. ఇన్ని ఆదివారాలు ఆవిడ ఒక్కతే ఇలా ఎలా ఆపిందా అన్న ఆలోచన రాగానే ఆయనకి ముఖం చెల్లలేదు, అత్తగారి వైపు చూడలేకపోయారు.

చివరికి అది కూత పెట్టింది. చూద్దాం గారు నడుం పట్టుకుని లేచి, తలుపు తెరిచి బట్టలు బయటికి లాగారు. ఒక తువ్వాలు వచ్చింది. ఇంకో తువ్వాలు. చింపిన పాత దుప్పటి ముక్క. మళ్ళీ తువ్వాలు. దుప్పటిలో రెండో ముక్క. అడుగున ఎక్కడో ఆయన చొక్కా ఒకటి, ఆవిడ పనికి కట్టుకెళ్ళే చీరలు, అంతే.

“ఇవన్నీ ఏంటి అత్తయ్యగారూ?”

“పోయిన వారం నీళ్ళు తుడిచినవి.”

“మరి ఇవాళ తుడిచినవి?” అని ఆయన చేతిలో ఉన్న మురికి తువ్వాలు చూపించారు.

“అవి వచ్చే వారం ఉతుకుతాం.”

చూద్దాం గారు ఆ తువ్వాళ్ళ గుట్టనీ, మెషిన్‌నీ, మళ్ళీ తువ్వాళ్ళనీ చూశారు. అది కార్చిన నీళ్ళు తుడిచిన గుడ్డల్ని అదే ఉతుకుతూ, ఉతికినప్పుడల్లా మళ్ళీ కారుస్తూ, ఇంటిల్లిపాదినీ తన సేవకి పెట్టుకుంది. ఇందులో ఆలోచించాల్సింది ఏముందని ఆయనకి ఒళ్ళు మండిపోయింది. అటువంటి కోపం ఆయనకి ఎన్నడూ రాలేదు, దాంట్లో హాయి ఉందని కూడా తెలీదు. గబగబా గదిలోకి వెళ్ళి చేతిసంచీ తెచ్చి, అడుగు నుంచి ఎర్ర చీటీల కట్ట తీశారు. ముట్టుకోగానే దాని రబ్బరు బ్యాండు పెళుసుబారి ముక్కలై రాలిపోయింది. ఒక ఎర్ర చీటీ తీసుకుని మెషిన్ తలుపు పిడికి బిగించి రెండు ముళ్ళు వేశారు.

“పారేస్తున్నాను,” అన్నారు. “కొత్తది తెస్తున్నాను.”

“సంతోషం,” అంది అత్తగారు. “కాళ్ళు దించుకోవచ్చా?”

షోరూం ఆదివారం ఆలస్యంగా తెరుస్తారు కాబట్టి ఆయన ఆగాల్సొచ్చింది. ఈలోపు మిగిలిన తడి తుడిచారు, తువ్వాళ్ళు పిండి దండెం మీద వేశారు, బట్టలు ఆరేశారు. భార్య ఎప్పుడొస్తుందా అని మెట్ల వైపే చెవులు పెట్టుకుని కూర్చున్నారు.

ఆవిడ వచ్చింది. తడి జుట్టు భుజాల మీద అంటుకుపోయి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“ఈదేశానమ్మా!” అంది తల్లితో. “ఎక్కడా నేల తాకలేదు. తర్వాత తాడు అవతలికి కూడా వెళ్ళాను. కాలు కిందికి చాపితే ఏమీ లేదు, అయినా భయం వెయ్యలేదు.”

అత్తగారు కూతురి తడి తల దగ్గరికి లాక్కుని నిమిరింది.

చూద్దాం గారు ఇక ఆగలేకపోయారు. “నేను కూడా తేల్చేశాను. అదిగో చూడు.”

ఆవిడ చూసింది. ముందు ఎర్ర చీటీని చూసింది. ఆపైన పొడిగా మెరుస్తున్న నడవాని, దండెం మీద వరసగా ఆరేసిన తువ్వాళ్ళని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసింది. ఇంకొకరు తుడిచిన నేల మీద వచ్చి నిలబడడం ఆవిడకి చాలాకాలం తర్వాత అదే మొదటిసారి. నెమ్మదిగా వంగి, చీటీ ముళ్ళు విప్పింది. ఆయన సంచీలో చెయ్యి పెట్టి, వెతక్కుండానే దొరికిన పసుపుపచ్చ చీటీ ఒకటి తీసి, అదే పిడికి కట్టింది.

“అదేంటి?” అన్నారు చూద్దాం గారు. “పారేద్దాం అంటుంటే!”

“తొందరెందుకండీ? మెకానిక్ ఒకటి చెప్పాడు, షోరూం అతను ఇంకొకటి చెప్పాడు. పరిస్థితి మీరనుకున్నంత తేలిక కాదు. కొన్నాళ్ళు పరిశీలనలో ఉంచుదాం.”

“ఎవరు పరిశీలిస్తారు?” అని నోరు జారారు చూద్దాం గారు.

ఆవిడ జవాబు చెప్పకుండా జుట్టు తుడుచుకోవడానికి తువ్వాలు కోసం చూసింది. అన్నీ తడిగా ఉన్నాయి. నవ్వుకుంటూ కొంగుతో తుడుచుకుంది.

మర్నాడు ఆసుపత్రిలో చూద్దాం గారు ఎముకల వార్డు స్ట్రెచరుకి ఆకుపచ్చ చీటీ కట్టారు. హెడ్ సిస్టర్ నమ్మలేక దాన్ని రెండువైపులా తిప్పి చూసింది. ఆయన మారిపోయారని కొందరన్నారు, ఒంట్లో బాగాలేదని కొందరన్నారు. పసుపుపచ్చ రంగు చూస్తే ఆయనకి నడుం నొప్పి వస్తోందన్నది ఆయన ఎవరికీ చెప్పలేదు.

మెషిన్ ఇంకా ఆ నడవాలోనే ఉంది. ఆదివారం పొద్దున చూద్దాం గారు దాని ముందు చిన్న పీట వేసుకుని, ప్యాంటు మడుచుకుని, ఒళ్ళో తువ్వాలు పెట్టుకుని కూర్చుంటారు. పసుపుపచ్చ చీటీ కట్టించుకున్న వస్తువులన్నిటిలోనూ నిజంగా ఎవరైనా కూర్చుని పరిశీలిస్తున్నది దీన్నొక్కదాన్నే. ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్తుంది. ఆయన వెనక నుంచి పిలుస్తారు.

“బాగుచేయిద్దామా, కొత్తది కొందామా? ఏదో ఒకటి చెప్పి వెళ్ళవే!”

“చూద్దాం లెండి,” అని ఆవిడ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతుంది.

“ఎడమ పక్క అల్లుడుగారూ,” అంటుంది అత్తగారు కాళ్ళు పైకి పెట్టుకుంటూ.